చేరని సొమ్ముకు చెల్లింపు: విదేశీ నగదు బదిలీల వైఫల్యంలో రుసుము భారం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

విదేశానికి పంపిన సొమ్ము గ్రహీతకు చేరకుండా తిరిగి వచ్చినప్పుడు మధ్యవర్తి బ్యాంకులు మినహాయించుకొనే రుసుములు ఇటీవలి సమస్యగా కనిపిస్తాయి. అయితే చెల్లింపు విఫలమైతే ఆ ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న హుండీల కాలం నుంచీ ఉన్నదే. హుండీ వర్తక సంప్రదాయం, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, తపాలా మనియార్డరు, బ్యాంకు తంతి బదిలీ అనే నాలుగు వ్యవస్థలు ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానాలను ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. వైఫల్యానికి ఖర్చు ఎప్పుడూ ఉంది. మారినవి రెండు: ఆ ఖర్చును భరించే వ్యక్తి, దానికి చూపవలసిన రుజువు. నేటి రుసుము ఊహించనిదిగా అనిపించడానికి ప్రధాన కారణం రుజువు ఖాతాదారు చేతి నుంచి తొలగిపోవడమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హుండీ, నకరాయీ సకరాయీ, ప్రొటెస్ట్, మనియార్డరు, తంతి బదిలీ, స్విఫ్ట్, కరెస్పాండెంట్ బ్యాంకు, మారకపు రేటు.

1. ఉపోద్ఘాతం

విదేశంలో చదువుకొంటున్న బిడ్డకు రుసుము కట్టడానికి ఒక కుటుంబం బ్యాంకు ద్వారా డాలర్లు పంపుతుంది. ఖాతా సంఖ్యలో ఒక అంకె తప్పుపడవచ్చు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగానూ మరొకచోట పూర్తిగానూ ఉండటం వల్ల పేరు సరిపోలకపోవచ్చు. గ్రహీత ఖాతా అప్పటికే మూతపడి ఉండవచ్చు. కొన్ని రోజులకో వారాలకో సొమ్ము వెనక్కి వస్తుంది గాని, పంపినంత రాదు. ఎవరు ఎంత తీసుకొన్నారో చెప్పే కాగితం కూడా చాలా సందర్భాలలో దానితో రాదు.

ఈ అనుభవాన్ని సాధారణంగా బ్యాంకు సేవలలోని లోపంగా చర్చిస్తారు. చరిత్ర దృష్టితో చూస్తే ఇది బాధ్యతల పంపకానికి సంబంధించిన ప్రశ్న. దూరప్రాంతానికి సొమ్ము చేర్చే ప్రతి వ్యవస్థా అది చేరని సందర్భాన్ని కూడా ముందే ఊహించుకోవలసి వచ్చింది. ఆ ఊహ ఎవరి ప్రయోజనాన్ని కాపాడిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. హుండీ వ్యాపారంలో వైఫల్యం వెల

నేటి తెలుగులో హుండీ అనగానే గుడిలోని కానుకల పెట్టె గుర్తుకు వస్తుంది. వర్తకుల భాషలో అది ఒక ఊరిలో సొమ్ము తీసుకొని మరొక ఊరిలో చెల్లించమని రాసిచ్చే పత్రం. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్ సూరతుపై వివిధ నగరాల నుంచి రాసే ఇటువంటి పత్రాల వట్టాన్ని నమోదు చేశాడు. గోల్కొండ నుంచి అది నూటికి 4 నుంచి 5 వరకు ఉండేది. కొన్ని మార్గాలలో వట్టం అధికంగా ఉండటానికి అతడు చెప్పిన కారణం గమనించదగినది: దారిలో సరుకు దోపిడికి గురైతే అప్పు ఇచ్చినవాడు తన సొమ్మును పోగొట్టుకొంటాడు. అంటే వైఫల్యపు వెల వట్టంలోనే కలిసి ఉంది. దాన్ని ముందుగా చెప్పేవారు, ముందుగానే వసూలు చేసేవారు.

హుండీలలోని రకాలను ఈ కోణంలో చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. చూపగానే చెల్లించవలసినది దర్శనీ హుండీ, గడువు తరువాత చెల్లించవలసినది ముద్దతీ హుండీ. షాజోగ్ హుండీని పరపతి గల వర్తకుడికి మాత్రమే చెల్లించాలి. సొమ్ము తప్పుడు వ్యక్తి చేతికి పోకుండా ఇది కాపాడేది. జోఖమీ హుండీ సరుకు క్షేమంగా చేరితేనే చెల్లుతుంది. అసలు పత్రం పోతే ఇచ్చే రెండో ప్రతి పైఠ్, అదీ పోతే ఇచ్చేది పరపైఠ్. దర్శనీ, ముద్దతీలు గడువును తెలిపేవి. మిగిలిన వాటిలో ఒక్కొక్కటి ఒక్కో రకం వైఫల్యానికి ముందుగా చేసుకొన్న ఏర్పాటు.

చెల్లింపును నిరాకరించినప్పుడు ఏమి జరగాలో కూడా ఆచారం నిర్ణయించింది. హుండీతో పాటు కొన్నిసార్లు జిక్రీ చిట్టీ ఇచ్చేవారు. హుండీ ఎవరి మీద రాశారో అతడు నిరాకరిస్తే, ఆ ఊరిలోనే ఉన్న మరొక పెద్ద వర్తకుడు రాసినవాడి పరువు కాపాడి చెల్లించమని కోరే లేఖ అది. అదీ ఫలించకపోతే హుండీదారుకు నకరాయీ సకరాయీ అనే పరిహారం దక్కేది. ఆ పరిహారం హుండీ రాసినవాడి వైపు నుంచి, హుండీని నమ్మి సొమ్ము ఇచ్చినవాడి వైపు వచ్చేది. నేటి పరిభాషలో చెప్పాలంటే రాసినవాడు బ్యాంకు, కొన్నవాడు ఖాతాదారు. వైఫల్యం ఖర్చు బ్యాంకు స్థానంలో ఉన్నవాడి నుంచి ఖాతాదారు స్థానంలో ఉన్నవాడికి ప్రవహించింది.

ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. హుండీ నిరాకరణకు ప్రధాన కారణం సొమ్ము లేకపోవడమో పరపతి తగ్గడమో అయ్యేది. నేటి బదిలీలు ఎక్కువగా సమాచార దోషం వల్ల, తనిఖీ నిబంధనల వల్ల ఆగుతాయి. తప్పు స్వభావం వేరైనప్పుడు బాధ్యత కూడా వేరు కావచ్చు. ఆ మార్పు ఎక్కడ మొదలైందో తరువాతి దశలు చూపుతాయి.

3. 1881 చట్టం: నిరాకరణకు రుజువు

ఐరోపా వర్తకంలోని బిల్ ఆఫ్ ఎక్స్చేంజికీ ఇటువంటి సంప్రదాయమే ఉండేది. బిల్లు నిరాకరణకు గురైతే నోటరీ ఆ విషయాన్ని పత్రపూర్వకంగా నమోదు చేసేవాడు. దీనికి ప్రొటెస్ట్ అని పేరు. ఆ పత్రంతో హుండీదారు వంటివాడు బిల్లు మొత్తాన్నీ, నోటరీ ఖర్చునూ, తిరుగు మారకపు నష్టాన్నీ రాసినవాడి నుంచి రాబట్టుకొనేవాడు.

ఈ సంప్రదాయాన్ని భారతదేశానికి శాసనరూపంలో తెచ్చింది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. దాని 1వ సెక్షన్ దేశీయ భాషలలో రాసిన పత్రాలకు సంబంధించిన స్థానిక ఆచారాలను కాపాడింది. అందువల్ల హుండీ సంప్రదాయం చట్టం పక్కనే కొనసాగింది. 99, 100 సెక్షన్లు నిరాకరణను నమోదు చేసే నోటింగ్, ప్రొటెస్ట్ పద్ధతులను వివరిస్తాయి.

ఈ వ్యాసానికి ముఖ్యమైనది 117వ సెక్షన్. దాని ప్రకారం హుండీదారుకు పత్రం మొత్తంతో పాటు, దాన్ని సమర్పించడానికీ, నోటింగు, ప్రొటెస్టులకూ సక్రమంగా పెట్టిన ఖర్చులు రావాలి. బాధ్యుడు చెల్లింపు స్థలంలో కాక మరొకచోట ఉంటే రెండు స్థలాల మధ్య అప్పుడు నడుస్తున్న మారకపు రేటు ప్రకారం సొమ్ము ఇవ్వాలి. పరిహారం పొందవలసినవాడు ఆ మొత్తానికి బాధ్యుడి మీద కొత్త బిల్లు రాయవచ్చు. అయితే దానికి నిరాకరణ పొందిన పాత పత్రాన్నీ, ప్రొటెస్ట్ ఉంటే దాన్నీ జతచేయాలి.

ఇందులో మూడు సూత్రాలు ఉన్నాయి. ఖర్చు సక్రమమైనదై ఉండాలి. దానికి పత్రం రుజువుగా ఉండాలి. మారకపు నష్టం వాగ్దానం చేసినవాడిదే కావాలి. నేటి విదేశీ బదిలీ తిరిగివచ్చే తీరును ఈ మూడు సూత్రాల పక్కన పెట్టి చూడవచ్చు.

4. మనియార్డరు: చిరునామా బాధ్యత

1880 జనవరి 1న భారత తపాలా శాఖ మనియార్డరు సేవను చేపట్టింది. హుండీ వర్తకుల సాధనం. మనియార్డరు కూలివాడికి, చిన్న ఉద్యోగికి అందుబాటులోకి వచ్చిన సాధనం. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలెక్కి రంగం వెళ్ళిన తెలుగు శ్రామికులు గోదావరి, విశాఖపట్నం జిల్లాలలోని తమ ఇళ్ళకు సొమ్ము పంపిన మార్గాలలో ఇది ముఖ్యమైనది. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. అంతవరకు ఒకే పాలన కింది రెండు ఊళ్ళ మధ్య సాగిన బదిలీ ఆనాటి నుంచి రాజ్యాంగరీత్యా రెండు దేశాల మధ్య బదిలీ అయింది. పంపేవాడూ మారలేదు, అందుకొనే ఇల్లూ మారలేదు, మధ్యలో సరిహద్దు మాత్రమే వచ్చింది.

మనియార్డరు విఫలమయ్యే తీరు హుండీకి భిన్నం. ఇక్కడ చెల్లించవలసినది ప్రభుత్వం కాబట్టి సొమ్ము లేదన్న మాట ఉండదు. గ్రహీత దొరకకపోవడం, చిరునామా తప్పుపడటం వంటివే కారణాలు. 1898 నాటి భారత తపాలా చట్టంలోని 48వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టమైన గీత గీసింది. పంపినవారు గ్రహీత పేరు, చిరునామాలను తప్పుగా గాని అసంపూర్ణంగా గాని ఇచ్చినందువల్ల సొమ్ము వేరొకరికి చెల్లిపోతే ప్రభుత్వం మీద గాని తపాలా అధికారి మీద గాని దావా వేయడానికి వీలుండేది కాదు. సమాచారం అసంపూర్ణంగా ఉన్నప్పుడు మాత్రం, దాన్ని చాలినదిగా స్వీకరించడానికి తగిన కారణం ఉండి ఉండాలన్న షరతు పెట్టింది. సిబ్బంది పొరపాటు వల్ల చెల్లింపు ఆలస్యమైనా సాధారణంగా ఇదే మినహాయింపు వర్తించేది.

వైఫల్యం భారం సంస్థ నుంచి పంపినవారి వైపు జరిగిన స్పష్టమైన మలుపు ఇది. అయినా ఆ భారానికి ఒక హద్దు ఉంది. చెల్లింపు కాని మనియార్డరు సొమ్ము పంపినవారికి పూర్తిగా తిరిగి వచ్చేది, ముందు కట్టిన కమీషన్ మాత్రమే పోయేది. సేవ చివరి దశాబ్దాలలో ఆ కమీషన్ ప్రతి 20 రూపాయలకు 1 రూపాయి. పేదవాడికి అది చిన్న మొత్తం కాదు గాని, ఎంత పోతుందో పంపే రోజునే తెలుసు. తిరిగి వచ్చిన ఫారం మీద గ్రహీత లేడనో తీసుకోలేదనో పోస్టుమ్యాన్ రాసిన కారణం కూడా ఉండేది. ప్రొటెస్టుకు ఉన్న చట్టబలం దానికి లేకపోయినా, రుజువు కాగితం మాత్రం పంపినవారి చేతికి వచ్చేది.

5. తంతి బదిలీ నుంచి స్విఫ్ట్ దాకా

1865లో పర్షియన్ సింధుశాఖ మీదుగా, 1870లో ఎర్రసముద్రం మీదుగా భారతదేశానికి బ్రిటన్‌తో తంతి సంబంధం ఏర్పడింది. బ్యాంకులు బిల్లుల పక్కనే తంతి బదిలీలను అమ్మడం మొదలుపెట్టాయి. ఓడలో పత్రం ప్రయాణించే కాలం ఆదా అయినందువల్ల తంతి బదిలీకి బిల్లుకన్నా ఎక్కువ రేటు ఉండేది. నేటికీ భారతీయ బ్యాంకులు ప్రకటించే మారకపు రేట్లలో టీటీ కొనుగోలు, టీటీ అమ్మకం అన్న పేర్లు ఆ కాలపు గుర్తులే.

వేగం పెరిగినప్పుడు మరొక మార్పు కూడా వచ్చింది. బిల్లు కొన్నవాడి చేతిలో హక్కుపత్రం ఉండేది. తంతి బదిలీలో ఖాతాదారు చేతిలో మిగిలేది తన బ్యాంకు ఇచ్చిన రసీదు మాత్రమే. మిగిలినదంతా ఒక బ్యాంకు మరొక బ్యాంకుకు ఇచ్చే ఆదేశం. ఆ ఆదేశం బిల్లు కాదు కనుక ప్రొటెస్ట్ చేయడానికి పత్రం లేదు, 117వ సెక్షన్ వర్తించదు. హుండీదారుకు చాలాకాలంగా ఉన్న రక్షణ చట్టం రద్దు కావడం వల్ల కాక, సాధనం మారడం వల్ల పక్కకు తొలగింది.

1973లో 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు బెల్జియంలో స్విఫ్ట్ సంస్థను స్థాపించాయి. 1977లో దాని సందేశ వ్యవస్థ పని ప్రారంభించింది. స్విఫ్ట్ సొమ్మును కదిలించదు, ఆదేశాలను చేరవేస్తుంది. సొమ్ము ఒక బ్యాంకు మరొక బ్యాంకులో ఉంచుకొన్న నాస్ట్రో ఖాతాల ద్వారా కదులుతుంది. రెండు బ్యాంకుల మధ్య నేరుగా ఖాతా లేకపోతే ఒకటో రెండో కరెస్పాండెంట్ బ్యాంకులు మధ్యలో చేరుతాయి.

ఖాతాదారు బదిలీకి 2025 వరకు వాడిన ఎంటీ 103 సందేశంలో 71ఏ అనే గడి రుసుము ఎవరిదో చెప్పేది. ఓయూఆర్ అంటే అన్నీ పంపినవారివి, బీఈఎన్ అంటే అన్నీ గ్రహీతవి, ఎస్‌హెచ్‌ఏ అంటే ఇరువురూ పంచుకొంటారు. చివరి రెండు పద్ధతులలో మధ్యనున్న బ్యాంకు తన రుసుమును ప్రయాణిస్తున్న మొత్తం నుంచే మినహాయించుకొంటుంది. ఈ గడి ముందుకు సాగే ప్రయాణానికి ఏర్పరచినది. సొమ్ము వెనక్కి మళ్ళితే అది కొత్త చెల్లింపు అవుతుంది. కాబట్టి పంపేటప్పుడు ఓయూఆర్ ఎంచుకొన్నంత మాత్రాన తిరుగు ప్రయాణంలో కోత పడదన్న భరోసా లేదు.

6. తిరుగు ప్రయాణంలో కోతలు

నష్టం ఏయే చోట్ల ఏర్పడుతుందో ఒక ఊహాత్మక లెక్క ద్వారా చూడవచ్చు. ఒకరు 1,000 డాలర్లు పంపారనుకొందాం. పంపిన రోజు టీటీ అమ్మకం రేటు డాలరుకు 84.50 రూపాయలు. ఖాతా నుంచి 84,500 రూపాయలు పోయాయి. వెళ్ళేటప్పుడు మధ్యవర్తి బ్యాంకు 20 డాలర్లు, తిప్పిపంపినందుకు గ్రహీత బ్యాంకు 25 డాలర్లు, వచ్చేటప్పుడు మధ్యవర్తి మళ్ళీ 20 డాలర్లు తీసుకొన్నాయి. మిగిలినవి 935 డాలర్లు. వాటిని టీటీ కొనుగోలు రేటు 83 రూపాయల చొప్పున మార్చితే 77,605 రూపాయలు వస్తాయి. నష్టం 6,895 రూపాయలు. అందులో 5,395 రూపాయలు రుసుములు, 1,500 రూపాయలు రెండు రేట్ల మధ్య తేడా. మొదట కట్టిన కమీషన్ దీనికి అదనం.

భారతదేశంలో దీనికి పన్ను కూడా తోడవుతుంది. జీఎస్టీ నిబంధనలలోని 32వ నిబంధన కింద కరెన్సీ మార్పిడి సేవ విలువను మారిన మొత్తం ఆధారంగా లెక్కించే వీలుంది. లక్ష రూపాయల వరకు అది మొత్తంలో 1 శాతం, కనీసం 250 రూపాయలు. పన్ను ఆ విలువపై పడుతుంది. తిరిగి వచ్చిన డాలర్లను రూపాయలుగా మార్చడాన్ని మరొక మార్పిడిగా పరిగణిస్తే పన్ను రెండోసారి పడుతుంది.

పై లెక్కలోని ఏ ఒక్క అంశమూ అక్రమం కానవసరం లేదు. ప్రతి బ్యాంకూ కొంత పని చేసింది. అయితే 1881 నాటి మూడు సూత్రాలతో పోల్చినప్పుడు తేడా తెలుస్తుంది. ఖర్చు సక్రమమైనదా అని అడిగే చోటు లేదు. మధ్యవర్తి బ్యాంకుతో ఖాతాదారుకు ఒప్పందమే లేదు. మారకపు నష్టం వాగ్దానం చేసిన సంస్థ నుంచి కొన్నవాడి మీదికి మళ్ళింది.

7. న్యాయస్థానాలు, శాసనాలు

విఫలమైన తంతి బదిలీ నష్టం ఎవరిదన్న ప్రశ్న అమెరికాలో ఎవ్రా కార్పొరేషన్ కేసులో ప్రముఖంగా చర్చకు వచ్చింది. 1973 ఏప్రిల్‌లో పండోరా అనే నౌక అద్దెకు పంపిన 27,000 డాలర్లు జెనీవాలోని స్విస్ బ్యాంక్ కార్పొరేషన్ దాకా ఆదేశరూపంలో వెళ్ళి, అక్కడి నుంచి నౌక యజమాని ఖాతాకు చేరలేదు. నౌక ఒప్పందం రద్దయింది. కింది కోర్టు 21 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చింది. 1982లో ఏడవ సర్క్యూట్ అప్పీలు కోర్టు న్యాయమూర్తి పోస్నర్ రాసిన తీర్పు దాన్ని కొట్టివేసింది. 1854 నాటి హ్యాడ్లీ కేసు సూత్రాన్ని అనుసరించి, మధ్యనున్న బ్యాంకు ఊహించలేని నష్టానికి బాధ్యత వహించదని పేర్కొంది.

1989లో రూపొందిన యూనిఫాం కమర్షియల్ కోడ్ 4ఏ అధికరణం ఈ దారినే నడిచి పరోక్ష నష్టాల బాధ్యతను కుదించింది. దానికి ప్రతిగా బదిలీ పూర్తికాకపోతే పంపినవారి సొమ్ము తిరిగి ఇవ్వాలన్న హామీనిచ్చింది. 1992 నాటి ఐక్యరాజ్యసమితి నమూనా చట్టం 14వ అధికరణం వడ్డీతో సహా వాపసు ఇవ్వాలన్నది. వాపసు బాధ్యతను గ్రహీత బ్యాంకు మీద గాక ఖాతాదారుతో ఒప్పందం ఉన్న తొలి బ్యాంకు మీదనే ఉంచడం ఇందులోని విశేషం. హుండీ రాసినవాడి బాధ్యతకు ఇది దగ్గరగా ఉంది.

తరువాతి శాసనాలు తప్పు ఎవరిదన్న విభజనను మళ్ళీ ముందుకు తెచ్చాయి. 2013 అక్టోబరు 28న అమలులోకి వచ్చిన అమెరికా రెమిటెన్స్ నిబంధనల ప్రకారం, పంపినవారు తప్పు సమాచారం ఇచ్చినందువల్ల బదిలీ విఫలమైతే, ఇతర సంస్థలు నిజంగా తీసుకొన్న రుసుమును వాపసు నుంచి మినహాయించవచ్చు. కాని సేవ అందించిన సంస్థ తన సొంత రుసుమును మాత్రం మినహాయించుకోరాదు. ఐరోపా సమాఖ్య 2015 నాటి రెండో చెల్లింపు సేవల ఆదేశం 88వ అధికరణం ప్రకారం ఖాతా గుర్తింపు సంఖ్య తప్పైతే బ్యాంకుకు బాధ్యత లేదు. సొమ్మును రాబట్టడానికి అది తగిన ప్రయత్నం చేయాలి. ఒప్పందంలో ఉంటే దానికి రుసుము తీసుకోవచ్చు.

భారతదేశంలో 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు విఫల లావాదేవీల పరిహారంపై ఒక సర్క్యులర్ జారీచేసింది. దాని ప్రకారం యూపీఐ వంటి బదిలీలు గడువులోగా వాపసు కాకపోతే ఖాతాదారు అడగకుండానే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలి. పంపినవారూ అందుకొనేవారూ భారతదేశంలోనే ఉన్న లావాదేవీలకే ఇది పరిమితం. ఫలితంగా ఒకే ఖాతాదారు దేశంలో సొమ్ము పంపి విఫలమైతే పరిహారం పొందుతాడు, విదేశానికి పంపి విఫలమైతే రుసుము చెల్లిస్తాడు.

అంతర్జాతీయ కొలమానాలు కూడా ఈ ఖర్చును పట్టుకోవు. వలస కార్మికులు పంపే సొమ్ముపై ఖర్చు 2030 నాటికి 3 శాతం కన్నా తగ్గాలన్నది ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో ఒకటి. ప్రపంచ బ్యాంకు 200, 500 డాలర్ల బదిలీలపై రుసుమునూ, మారకపు తేడానూ కలిపి లెక్కిస్తుంది. ఆ లెక్క గ్రహీతకు చేరే సొమ్ముకు సంబంధించినది. చేరక తిరిగి వచ్చిన సొమ్ముపై పడిన కోత ఆ నిర్వచనంలోకి రాదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి.

1. వైఫల్యపు రుసుము బ్యాంకులు కొత్తగా కనిపెట్టినది కాదు. హుండీ వట్టంలో, నకరాయీ సకరాయీలో, ప్రొటెస్ట్ ఖర్చులో, మనియార్డరు కమీషన్‌లో అది వేర్వేరు రూపాలలో ఉంది.

2. హుండీ, బిల్లు వ్యవస్థలలో ఆ భారం చెల్లింపుకు మాట ఇచ్చినవాడిది. మనియార్డరుతో అది పంపినవారి వైపు జరిగింది, కాని హద్దు ముందే తెలుసు. బ్యాంకు తంతి బదిలీలో భారం పంపినవారిదే అయింది, హద్దు మాత్రం పోయింది.

3. సమాచార దోషం పంపినవారిదైనప్పుడు కొంత ఖర్చు వారు భరించడం న్యాయమే. 1898 చట్టం మొదలు నేటి ఐరోపా ఆదేశం దాకా ఈ ఆలోచన కనిపిస్తుంది. అయితే దోషం ఎవరిదో తేలాలంటే బదిలీ ఎక్కడ, ఎందుకు ఆగిందో తెలియాలి.

4. ఆ సమాచారం నేడు లేదనడానికి వీలులేదు. 2017లో మొదలైన స్విఫ్ట్ జీపీఐ సేవ ప్రతి చెల్లింపునూ ఒక గుర్తింపు సంఖ్యతో వెంబడిస్తుంది. కొత్త ఐఎస్ఓ 20022 ప్రమాణంలోని పాక్స్ 004 అనే వాపసు సందేశంలో తిరిగి పంపిన కారణానికీ, మినహాయించిన రుసుముకూ వేర్వేరు గడులు ఉన్నాయి. ఒకప్పుడు నోటరీ రాసిన ప్రొటెస్టులో ఉండే వివరాలలో ఎక్కువ భాగం ఆ సందేశంలో ఉంటాయి.

ప్రొటెస్ట్ పత్రం నష్టపోయినవాడి చేతిలో ఉండేది. వాపసు సందేశం బ్యాంకుల మధ్యనే ఉంటోంది. రుసుమును తగ్గించడం అనేక దేశాల బ్యాంకుల అంగీకారంతో ముడిపడిన పని. సందేశం ప్రతిని ఖాతాదారుకు ఇవ్వాలన్న నిబంధనకు అంతటి అంగీకారం అవసరం లేదు, అది తొలి బ్యాంకు ఉన్న దేశపు నియంత్రణ సంస్థ పరిధిలోని విషయం. 117వ సెక్షన్‌లోని సక్రమమైన ఖర్చు అన్న మాటకు విదేశీ బదిలీలలో మళ్ళీ అర్థం ఏర్పడాలంటే మొదట ఆ ఖర్చు వివరం దాన్ని భరించినవారి చేతికి రావాలి.